జపం జపనీస్‌లో, యంత్రాంగం పోర్చుగీసులో: సముద్రాలు దాటిన జపాన్ కొత్త మతాలు

2010 బ్రెజిల్ జనగణనలో లక్షా మూడు వేల మందికి పైగా తమ మతం పేరు ‘ఇగ్రేజా మెస్సియానికా’ అని రాయించారు. పేరు వింటే ఏదో క్రైస్తవ శాఖ అనిపిస్తుంది. నిజానికి అది 1935లో ఒకాదా మోకిచి జపాన్‌లో స్థాపించిన సెకాయ్ క్యూసెయ్‌క్యో. బ్రెజిల్‌లో దాని సభ్యుల్లో అత్యధికులు జపాన్ సంతతివారు కారు. అదే దేశంలో సెయ్‌చో-నో-ఇయె అనే మరో జపాన్ సంస్థ పత్రికలు దశాబ్దాలుగా విస్తారంగా చలామణీ అవుతున్నాయి. జనగణన పట్టికలో మాత్రం దానికి విడిగా గడి లేదు. ‘ఇతర తూర్పుదేశాల కొత్త మతాలు’ అన్న వరసలో మిగతావాటితో కలిపితే తేలింది 52 వేల చిల్లర. ఆ పత్రిక చదివేవాళ్లలో చాలామంది, గణకులు వచ్చి అడిగితే ‘కేథలిక్’ అనే చెబుతారు. అందులో అబద్ధమూ లేదు. మతం మార్చుకోనక్కర్లేదని ఆ సంస్థే చెబుతుంది మరి.

ఈ రెండు సంస్థల స్థాపకులూ ఓమోతో అనే మరో జపాన్ కొత్త మతం గూటిలోంచే బయటికి వచ్చినవాళ్లు. సిద్ధాంతంలో పోలికలు చాలానే ఉన్నాయి. అసలు తేడా మరోచోట ఉంది. దేన్ని ఎట్టి పరిస్థితిలోనూ మార్చనివ్వకుండా పట్టుకున్నారు, దేన్ని స్థానికుల చేతికి వదిలేశారు, పట్టుకున్నదాన్ని మంజూరు చేసే అధికారం ఎవరి దగ్గర ఉంచుకున్నారు అన్నవే ఆ తేడాలు. జపాన్ కొత్త మతాలు బయటి దేశాల్లో ఎక్కడ పెరిగాయి, ఎక్కడ ఆగిపోయాయి అన్నది గ్రంథాలకన్నా ఈ మూడు ప్రశ్నల్లోనే బాగా తెలుస్తుంది.

‘కొత్త మతాలు’ అంటే జపాన్‌లో 19వ శతాబ్దం నుంచి పుట్టుకొచ్చినవి. నకయామా మికి అనే రైతు కుటుంబపు గృహిణికి 1838లో దైవావేశం కలగడంతో మొదలైన తెన్రిక్యో వీటిలో పాతవాటిలో ఒకటి. ఇవి షింటో నుంచి, బౌద్ధం నుంచి, జానపద విశ్వాసాల నుంచి సామగ్రి తీసుకున్నాయి. పూజారి వర్గం అవసరం లేకుండా మామూలు మనిషే చేయగల సాధనను ఇచ్చాయి. రోగం, దారిద్ర్యం, ఇంటి కలహాలు అన్న మూడు కష్టాలకు ఇక్కడే, ఈ జన్మలోనే జవాబు చెబుతామన్నాయి. ఎగుమతికి అనువైన గుణం ఆ రెండో దాంట్లోనే ఉంది. ఎవరైనా నేర్చుకోగల సాధన, పూజారి రాలేని చోటికి కూడా వెళ్తుంది.

మొదటి అడ్డంకి: సొంతవాళ్లే

హవాయి చెరకు తోటలకు ప్రభుత్వ ఒప్పందం కింద జపాన్ కూలీలు 1885లో వెళ్లారు. బ్రెజిల్ కాఫీ తోటలకు 1908లో ‘కసాతో మారు’ అనే ఓడ 781 మందిని దించింది. వాళ్ల వెనకే మతాలూ వెళ్లాయి. మరోవైపు కొరియా, తైవాన్, మంచూరియాల్లోకి సామ్రాజ్యం వెంట వెళ్లినవి ఉన్నాయి. 1945 ఓటమితో వాటిలో చాలా భాగం రాత్రికి రాత్రి కూలిపోయింది.

వలస సమాజం ఇచ్చే ఆసరా ఎంత గట్టిదో, అది కట్టే గోడ కూడా అంత గట్టిది. ప్రసంగం జపనీస్‌లో, రికార్డులు జపనీస్‌లో, ప్రార్థన తర్వాత భోజనాల దగ్గర కబుర్లు కూడా జపనీస్‌లో. బయటివాడు ఒకసారి వచ్చినా రెండోసారి రాడు. మూడో తరానికి సొంత పిల్లలకే భాష రాదు. బ్రెజిల్‌లో వర్గాస్ ప్రభుత్వం 1941లో విదేశీ భాషా పత్రికలను ఆపేసింది. యుద్ధం ముగిశాక కూడా వలసదారుల్లో పెద్ద భాగం జపాన్ గెలిచిందనే నమ్మింది, ఓడిందన్నవాళ్లతో హత్యలదాకా వెళ్లింది. అలాంటి సమాజంలో చిక్కుకున్న మతం, పొరుగింటి ఇటాలియన్ సంతతి కుటుంబాన్ని పిలుస్తుందని ఆశించలేం.

1960లలో ఈ గోడ దాటిన సంస్థలు ముందు భాష మార్చాయి. సెయ్‌చో-నో-ఇయె పోర్చుగీసు పత్రిక మొదలుపెట్టింది. సోకా గక్కాయ్ అనే బౌద్ధ సంస్థ మూడో అధ్యక్షుడు ఇకెదా దైసాకు 1960 అక్టోబరులో తొలిసారి అమెరికా వెళ్లినప్పుడు, అమెరికా సైనికులను పెళ్లాడి అక్కడికి చేరిన జపాన్ మహిళలు తిరిగి ఇంటికి వెళ్లిపోతామని ఏడ్చేవారు. ఆయన వాళ్లకు చెప్పినవి మూడు పనులు: పౌరసత్వం తీసుకోండి, డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోండి, ఇంగ్లిష్ నేర్చుకోండి. మత బోధ కన్నా ఈ మూడు సలహాలే అక్కడి శాఖను నిలబెట్టాయని చెప్పవచ్చు. కారు నడపగల, ఇంగ్లిష్ మాట్లాడగల గృహిణి సాయంత్రం నాలుగిళ్లు తిరిగి సమావేశాలు నడుపుతుంది. అది చేయలేని గృహిణి ఆ మతానికి సభ్యురాలిగా మిగులుతుంది, ప్రచారకురాలు కాలేదు.

స్థలాన్ని పట్టుకున్నవారు

తెన్రిక్యోకు కదలనిది ఒక స్థలం. నారా ప్రాంతంలోని తెన్రి పట్టణంలో ‘జిబా’ అనే చోటే మనిషి సృష్టి జరిగిందని విశ్వాసం. రోగులకు స్వస్థత ప్రార్థన చేసే ‘సజుకె’ అధికారం పొందాలంటే అక్కడికి వెళ్లి ‘బెస్సెకి’ అనే ప్రసంగం తొమ్మిదిసార్లు వినాలి. మామూలుగా నెలకు ఒకటి. దూరదేశాల నుంచి వచ్చేవారికి తక్కువ వ్యవధిలో ముగించే వెసులుబాటు ఇచ్చారు, వివిధ భాషల్లో వినిపించే ఏర్పాటూ చేశారు. స్థలం మాత్రం మారదు.

దీని ఫలితం లెక్క వేయడం కష్టం కాదు. తెన్రిక్యోకు బ్రెజిల్ ప్రధాన కార్యాలయం సావో పాలో రాష్ట్రంలోని బౌరు పట్టణంలో ఉంది. అక్కడి జపాన్ సంతతి కుటుంబానికి తెన్రి యాత్ర అంటే తాతల ఊరు చూసిరావడం కూడా. టికెట్ డబ్బుకు రెండు కారణాలు దొరుకుతాయి. నల్లజాతి కార్మిక కుటుంబానికి దొరికేది ఒక్కటే, అదీ ఇంకా పూర్తిగా నమ్మకం కుదరని దశలో. అందుకే అనుచరులు ఉంటారు, స్థానిక ప్రచారకుల నిచ్చెన మాత్రం మధ్యలో ఆగుతుంది. 1960లలోనే కాంగోలోని బ్రాజావిల్‌లో చర్చి పెట్టిన సంస్థ ఇది, ఉత్సాహం లేక ఆగలేదు.

తెన్రిక్యో ఈ లోటును సంస్కృతితో పూడ్చుకోవాలని చూసింది. 1925లోనే విదేశీ భాషల పాఠశాల పెట్టింది, అదే తర్వాత తెన్రి విశ్వవిద్యాలయం అయింది. అక్కడి జూడో పేరున్నది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్‌కు దిగ్భ్రాంతి కలిగించి స్వర్ణం గెలిచిన డచ్ వీరుడు ఆంటన్ హీసింక్ సాధన చేసినది తెన్రిలోనే. పారిస్‌లో, న్యూయార్క్‌లో జపనీస్ భాషా తరగతులు నడిపే సాంస్కృతిక కేంద్రాలు పెట్టారు. భాష నేర్చుకోడానికి వచ్చినవారు భాష నేర్చుకుని వెళ్లిపోవడమే ఎక్కువ. సంస్కృతి ద్వారం తెరుస్తుంది, లోపలి గదిదాకా నడిపించదు.

లాకెట్‌ను పట్టుకున్నవారు

సెకాయ్ క్యూసెయ్‌క్యో, దాని ప్రభావంతో 1959లో ఒకాదా కోతామా మొదలుపెట్టిన మహికారి ఉద్యమం వేరే దారి ఎన్నుకున్నాయి. వీటికి మూలం అరచేతిలోంచి దివ్యకాంతిని ప్రసరింపజేయడం. మొదటిదాంట్లో దాన్ని ‘జోరెయ్’ అంటారు, రెండోదాంట్లో ‘ఓకియొమె’. ఇందుకు మెడలో పవిత్రమైన లాకెట్ ఉండాలి. లాకెట్ జపాన్ నుంచే వస్తుంది, ఇవ్వాలో వద్దో జపాన్‌కు జవాబుదారీ అయిన అధికారే నిర్ణయిస్తాడు.

మహికారిలో దీక్ష ఇలా ఉంటుంది. మూడు రోజుల ప్రాథమిక శిక్షణ, చివర ‘ఓమితామా’ అనే లాకెట్. దాన్ని తడవనివ్వకూడదు, నేలకు తగలనివ్వకూడదు. పొరపాటు జరిగితే కేంద్రానికి వెళ్లి చెప్పి క్షమాపణ కోరాలి. సాధనలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నమస్కరించుకుంటారు. ఇచ్చేవారు ‘అమత్సు నోరిగొతొ’ అనే ప్రార్థనను జపనీస్‌లోనే బిగ్గరగా చదివి, ఎదుటివారి నుదుటికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో అరచెయ్యి ఎత్తి పది నిమిషాలు ఉంచుతారు. తర్వాత మెడ వెనుక, నడుము దగ్గర మూత్రపిండాలు ఉండే భాగం. పూర్తిగా చేస్తే దాదాపు గంట. ప్రార్థనను అనువదించరు, ఎందుకంటే శబ్దానికే శక్తి ఉందని విశ్వాసం. మంత్రం అనువదిస్తే మంత్రం కాదని నమ్మే మనకు ఇది కొత్తగా అనిపించదు. ఐవరీ కోస్ట్‌లోని ఫ్రెంచ్ మాట్లాడే గుమాస్తా, మార్టినిక్ దీవిలోని ఉపాధ్యాయురాలు అర్థం చూడకుండా రోమన్ లిపిలో చూసి కంఠస్థం చేస్తారు.

ఈ పద్ధతి ఎందుకు పారింది? నేర్చుకోడానికి మూడు రోజులు చాలు, ఫలితం ఆ రోజే ఒంటిమీద పరీక్షించుకోవచ్చు, ఇంటికి వెళ్లి తల్లికో బిడ్డకో వెంటనే చేయవచ్చు. అంతకన్నా పెద్ద కారణం స్థానిక విశ్వాసంలో ముందే కోసిపెట్టి ఉన్న గాడి. బ్రెజిల్‌లో ఫ్రెంచి రచయిత అలన్ కార్దెక్ బోధించిన, మృతుల ఆత్మలతో సంభాషించే ఆత్మవాదం 19వ శతాబ్దం నుంచి వేళ్లూనుకుని ఉంది. వాళ్ల కేంద్రాల్లో ‘పాస్సె’ పేరుతో చేతులు చాచి శక్తి ప్రసరింపజేయడం మామూలే. జోరెయ్ చూసిన బ్రెజిలియన్‌కు అది కొత్త వింత కాదు, తెలిసిన పనికి మెరుగైన రకం. అలాగే రోగానికి, దురదృష్టానికి ఆత్మలే కారణమన్న మహికారి వివరణ ఆఫ్రికాలో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. పాశ్చాత్య మిషనరీలు మూఢనమ్మకమని కొట్టిపారేసిన భయాన్ని ఈ జపాన్ మతం నిజమేనని ఒప్పుకుని, దానికో విధి చూపింది.

పితృకార్యమూ అంతే. జపాన్ కొత్త మతాల్లో పూర్వీకుల సేవ కీలకం. కేథలిక్కులు నవంబరు 2న మృతుల దినం జరుపుతారు. సెకాయ్ క్యూసెయ్‌క్యో బ్రెజిల్‌లో పూర్వీకుల ఆరాధనను ఆ తేదీకే జతచేసింది. సావో పాలో నగర శివారున గ్వారాపిరంగా జలాశయం ఒడ్డున 1995లో పూర్తయిన పవిత్ర భూమికి ఆ రోజు జనం పోటెత్తుతారు. ఇక్కడ ఒక చిన్న మార్పు గమనించాలి. జపాన్‌లో పూర్వీకులంటే ప్రధానంగా తండ్రివైపు ఇంటి పరంపర. బ్రెజిల్‌లో తల్లివైపు, అత్తవైపు, పెంచినవాళ్లు, అందరి పేర్లూ రాసిస్తారు. ఇంటి వ్యవస్థే వేరైనప్పుడు పితృదేవతల జాబితా మారకుండా ఉండదు.

లాకెట్ మోడల్‌కు దెబ్బ తగిలే చోట్లు రెండు. ఒకటి వైద్యం. మందులు ఒంట్లో విషంగా పేరుకుంటాయని ఒకాదా మోకిచి బోధించారు. జపాన్‌లో రాసిన ఆ మాటల్ని వేరే దేశంలో అక్షరాలా పాటిస్తే, ఇన్సులిన్ మానేసిన రోగి కుటుంబం కోర్టుకు వెళ్లే ప్రమాదం పొంచి ఉంటుంది. కాబట్టి శాఖలు చికిత్స మానవద్దని చెబుతూ, జోరెయ్‌ను ఆత్మశుద్ధిగా మాత్రమే పరిచయం చేసే దారి పట్టాయి. రెండోది వారసత్వం. 1974లో ఒకాదా కోతామా మరణించాక మహికారి వారసత్వ వివాదంలో రెండుగా చీలింది, 1978లో సూక్యో మహికారి విడిగా ఏర్పడింది. లాకెట్ ఇచ్చే హక్కు ఎవరిదో జపాన్ కోర్టుల్లో తేలేదాకా విదేశాల్లో సభ్యుడు మెడలో ఉన్నదాన్ని చూసుకుని తను ఎటువైపో తెలుసుకోవాల్సి వచ్చింది.

సరఫరా తెగిన రోజు

ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా పాఠం చెప్పే ఘట్టం 1991. సోకా గక్కాయ్ 1930లో మకిగుచి త్సునెసబురో మొదలుపెట్టిన గృహస్థుల సంఘం. అది నిచిరెన్ షోషూ అనే పాత బౌద్ధ పూజారి శాఖకు అనుబంధంగా ఉండేది. సభ్యుడి ఇంట్లో ఉండాల్సింది ‘గొహోన్‌జోన్’ అనే లిఖిత మండలం, అంటే ఎదురుగా పెట్టుకుని జపించే అక్షరాల పటం. దాన్ని పూజారే ఇవ్వాలి. మూల మండలం ఫుజీ పర్వతం దగ్గరి తైసెకిజీ ఆలయంలో ఉంది, విదేశీ సభ్యులకు అక్కడి యాత్ర జీవితకాలపు కోరిక. అంటే స్థలం, వస్తువు, అనుమతి మూడూ పూజారుల చేతిలో. విదేశాల్లో విస్తరణ మాత్రం పూర్తిగా గృహస్థుల చెమట. 1975లో గ్వామ్ దీవిలో సోకా గక్కాయ్ ఇంటర్నేషనల్ ఏర్పడింది.

1991 నవంబరులో పూజారులు సోకా గక్కాయ్‌ను వెలివేశారు. యాత్ర ఆగింది. కొత్త సభ్యులకు మండలం లేకుండా పోయింది. మంజూరు చేసే అధికారం మరొకరి దగ్గర ఉంచుకుని విస్తరించిన సంస్థకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సంకటమే ఇది. దాదాపు రెండేళ్ల తర్వాత, 1993లో, వారికో దారి దొరికింది. నిచికాన్ అనే 26వ ప్రధాన పూజారి 1720లో రాసిన మండలం తోచిగి ప్రాంతంలో, షోషూ నుంచి విడిపోయిన ఒక ఆలయంలో ఉంది. దాని ప్రతులను సంస్థే ముద్రించి ఇవ్వడం మొదలుపెట్టింది. ‘అసలు పూజారి రాసినదే, పూజారి అనుమతి మాత్రం లేదు’ అన్న వాదన మతశాస్త్రం ప్రకారం నిలుస్తుందా లేదా అన్నది నిచిరెన్ పండితుల తగువు. ఆచరణలో అది నిలిచింది. పూజారి లేని పెళ్లిళ్లు, అంత్యక్రియలు వచ్చాయి. 1995లో ఆమోదించిన నియమావళి ఇతర మతాలను గౌరవించాలని చెప్పింది. 1950ల జపాన్‌లో ఇదే సంస్థ కొత్త సభ్యుల ఇళ్లలోంచి ఇతర మతాల వస్తువుల్ని తీయించేదని గుర్తుంచుకుంటే, ఆ మార్పు ఎంతో అర్థమవుతుంది. రోజువారీ పారాయణ కూడా తగ్గింది. మునుపు ఉదయం ఐదు ఆవృత్తులు, సాయంత్రం మూడు ఉండేవి. 2000ల మొదట్లో దాన్ని బాగా కుదించారు. ఉద్యోగానికి రెండు బస్సులు మారి వెళ్లే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

లెక్కల సంగతి ఇక్కడే చెప్పాలి. అమెరికా శాఖ ఒక దశలో ఐదు లక్షల సభ్యులమని ప్రకటించుకుంది. 1990ల చివర వెలువడిన సామాజిక పరిశోధకుల సర్వే క్రియాశీల సభ్యులు సుమారు 36 వేలని తేల్చింది. అందులో మోసం కన్నా లెక్కించే పద్ధతి దోషమే ఎక్కువ. ఇచ్చిన మండలాలన్నిటినీ కూడుతూ పోయి, వదిలేసినవాళ్లను తీసివేయకపోతే అలాంటి అంకెలే వస్తాయి. కోఫుకు నో కగాకు (హ్యాపీ సైన్స్) అనే మరో కొత్త మతం 2011లో బుద్ధగయలో, 2012లో ఉగాండా రాజధాని కంపాలా స్టేడియంలో భారీ సభలు పెట్టింది. సభకు వచ్చిన జనాన్ని సభ్యులుగా చూసేవారు తర్వాతి నెలలో స్థానిక కేంద్రానికి ఎందరు వచ్చారో అడగాలి.

అచ్చును పట్టుకున్నవారు, లేదా ఏమీ పట్టుకోనివారు

సెయ్‌చో-నో-ఇయె 1930లో ఒక పత్రికగానే పుట్టింది. తనిగుచి మసహరు రాతలు చదివితే రోగాలు నయమయ్యాయని పాఠకులు ఉత్తరాలు రాశారు, ఉత్తరాల్లోంచి సంస్థ తయారైంది. బ్రెజిల్‌కూ ముందు పత్రికే వెళ్లింది, మనుషులు తర్వాత. పోస్టు చేరగల ఏ ఊరికైనా చేరే మతం ఇది. తనిగుచి జపాన్‌లో చక్రవర్తి భక్తికీ జాతీయవాద రాజకీయానికీ పెట్టింది పేరు. పోర్చుగీసు పుస్తకాల్లో ఆ ఛాయలు బాగా పలచబడి, సానుకూల ఆలోచన, తల్లిదండ్రులకు కృతజ్ఞత ముందుకొచ్చాయి. లాభం వేగం, నష్టం పట్టు లేకపోవడం. పాఠకుడిని బాధ్యుడిగా మార్చే మెట్టు ఒక్కటే, నెలవారీ చందా కట్టే ‘పవిత్ర కార్య’ సభ్యత్వం. అది ఎక్కనివారు పుస్తకం కొనుక్కుని ఆదివారం చర్చికి వెళ్తారు.

ఇంకో అడుగు ముందుకేస్తే రేకీ కనిపిస్తుంది. 1922లో ఉసుయి మికావో మొదలుపెట్టినది. హవాయికి చెందిన హవాయో తకాతా 1930ల చివర దాన్ని అమెరికావైపు తీసుకెళ్లారు. అరచేతి కాంతి సాధనలు వెల్లివిరిసిన నాటి జపాన్ వాతావరణంలోనే ఇదీ పుట్టింది. సంస్థ, లాకెట్, ప్రధాన కార్యాలయం అన్నీ రాలిపోయాయి, నేర్పే గురువు ఫీజు మాత్రం మిగిలింది. హైదరాబాద్‌లో వారాంతపు రేకీ తరగతికి వెళ్లేవారెవరూ తాము జపాన్ మత చరిత్రలో భాగమని అనుకోరు.

తెలుగు పొలాల్లోకి వచ్చిన ముక్క ఇంకా ఆసక్తికరం. ఒకాదా మోకిచి సహజ వ్యవసాయాన్ని మత సాధనగా బోధించారు. ఓకినావాలోని ర్యూక్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హిగా తెరువో 1980 ప్రాంతంలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా, ఈస్టు, కిరణజన్య బాక్టీరియాల మిశ్రమం తయారుచేశారు. దాన్ని దేశదేశాలకు మోసినది ప్రధానంగా సెకాయ్ క్యూసెయ్‌క్యో వ్యవసాయ విభాగమే. థాయ్‌లాండ్‌లోని సరబురిలో శిక్షణ కేంద్రం, 1989లో ఖోన్ కెన్‌లో అంతర్జాతీయ సదస్సు ఆ దారిలో మైలురాళ్లు. మన రైతులు ‘ఈఎం ద్రావణం’ అనేది అదే. ఒక లీటరు మూల ద్రావణం, కిలో బెల్లం, 20 లీటర్ల క్లోరిన్ లేని నీళ్లు ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, మూత బిగించి వారం ఉంచుతారు. రోజూ మూత వదులు చేసి గ్యాస్ వదలకపోతే డ్రమ్ము ఉబ్బుతుంది. పుల్లని వాసన వస్తే పనికొస్తుంది, కుళ్లు వాసన వస్తే పారబోయాలి. ఆ వాసన చూసే రైతుకు ఒకాదా పేరు తెలియనక్కర్లేదు. ఆ మతం ఇక్కడ గెలిచిందా ఓడిందా అంటే రెండు జవాబులూ చెప్పవచ్చు.

భారతదేశంలో మతంగానే నిలదొక్కుకున్నది 1986లో నమోదైన భారత్ సోకా గక్కాయ్. నగరాల్లోని చదువుకున్న మధ్యతరగతి, ముఖ్యంగా మహిళలు, దాని బలం. అంబేడ్కర్ బౌద్ధంతో దీనికి సామాజికంగా సంబంధం తక్కువ. హైదరాబాద్ సహా నగరాల్లో ఇళ్లలోనే చర్చా సమావేశాలు జరుగుతాయి. ఎవరికి ఏ కష్టం వచ్చింది, ‘నామ్ మ్యోహో రెంగె క్యో’ జపంతో ఎలా ఎదుర్కొన్నారు అన్నదే ముఖ్యాంశం. ఇక్కడ చట్టాలే ఈ నమూనాను బలపరిచాయి. విదేశీయుడు మత ప్రచారం చేయాలంటే ప్రత్యేక మిషనరీ వీసా కావాలి, విదేశీ నిధులకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు కావాలి. జపాన్ నుంచి ప్రచారకులూ డబ్బూ రాకుండా, డ్రాయింగ్ రూములో స్థానికులే నడుపుకునే సంస్థకు ఈ రెండూ పెద్ద అడ్డు కావు. ఆలయం కట్టి, పూజారిని రప్పించాల్సిన సంస్థకు రెండూ గోడలే.

రాజ్యం తలుపు మూసిన సందర్భాలూ ఉన్నాయి. దక్షిణ కొరియాలో 1964లో ప్రభుత్వం సోకా గక్కాయ్‌ని జాతి వ్యతిరేకమని నిషేధించింది. తూర్పు తిరిగి జపించడం అంటే చక్రవర్తికి మొక్కడమేనని, వలస పాలన మరచిపోని సమాజం అనుమానించింది. నేడు జపాన్ బయట దాని అతి పెద్ద శాఖల్లో ఒకటి అక్కడే ఉంది, పూర్తిగా కొరియన్ల చేతిలో. ఓమ్ షిన్రిక్యో అనే మరో జపాన్ సంస్థ 1992లో రష్యాలో రేడియో సమయం కొని మరీ వేలమందిని ఆకర్షించింది. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో అది చేసిన సారిన్ విషవాయువు దాడి తర్వాత దాని భారం మిగతావాళ్ల మీదా పడింది. అదే ఏడాది చివర ఫ్రాన్స్ పార్లమెంటు కమిటీ తయారుచేసిన ‘సెక్టు’ల (అనుమానించదగ్గ మత బృందాల) జాబితాలో సోకా గక్కాయ్, మహికారి రెండూ చేరాయి. చట్టపరంగా జాబితాకు విలువ లేకపోయినా, హాలు అద్దెకు అడిగితే యజమాని దాన్నే చూపించి లేదనగలడు.

ఇప్పుడు దారులు జపాన్ నుంచి బయటికే కాదు. సెకాయ్ క్యూసెయ్‌క్యో అంగోలా, మొజాంబిక్‌లకు వెళ్లింది 1990లలో, బ్రెజిలియన్ ప్రచారకుల ద్వారా, పోర్చుగీసు పుస్తకాలతో. 1960లలో కుర్రవాడిగా బ్రెజిల్ వెళ్లి అక్కడి శాఖను పెంచిన వతనబె తెత్సువో తర్వాత జపాన్‌లో ఆ సంస్థలోని ఇజునోమె అనే విభాగానికి అధిపతి అయ్యారు. 1990లో జపాన్ వలస చట్టం సడలించాక ఫ్యాక్టరీ పనులకు వచ్చిన బ్రెజిలియన్లు జపాన్ పట్టణాల్లోనే పోర్చుగీసు సమావేశాలు పెట్టుకున్నారు. 2010ల చివర ఆ సంస్థలో ఆధ్యాత్మిక నాయకత్వంపై వచ్చిన చీలిక బ్రెజిల్‌నూ రెండుగా చీల్చింది. అంగోలా రాజధాని లువాండాలో కొత్తగా చేరే సభ్యుడికి జోరెయ్ నేర్పేది బ్రెజిలియన్ శిక్షణ పొందిన అంగోలావాసి. అతని మెడలోని లాకెట్ ఏ పక్షం పంపినదన్నది మాత్రం ఇప్పటికీ జపాన్‌లోనే నిర్ణయమవుతుంది.